నాయనను అడ్డంగా పూడ్చిన ఎండాకాలం

మా నాయనను అడ్డంగా పూడ్చారు. అందరూ తల పడమర, కాళ్ళు తూర్పుగా పడుకున్న చోట ఆయన ఒక్కడే తల దక్షిణం పెట్టుకుని పడుకున్నాడు. దానికి కారణం నేను. ఈ మాట ముందే రాసేస్తే తక్కినది రాయడం సులువని రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై దాటాయి. నా పిల్లల పలకల మీద నేర్చుకున్నాను. అంతకు ముందే రాయడం వచ్చి ఉంటే ఈ సంగతి ఇంకొంచెం బాగా గుర్తుండేదేమో.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో జరిగింది. మాది వేంపల్లె సంతకు నడిచిపోయి నడిచి రాగలిగినంత దూరంలో ఒక పల్లె. ఊరికి ఎడంగా మా పేట, పేట మధ్యలో నాపబండలు పరిచిన చిన్న గుడి. మా తాత కాలంలోనే దొరలు వచ్చి మా వాళ్ళకు బాప్తిస్మమిచ్చారు. మేము సంఘంలో కలిసినోళ్ళం. అమ్మ పుట్టినిల్లు మూడు మైళ్ళ అవతల. వాళ్ళు కలవనోళ్ళు. కులం ఒకటే, దేవుళ్ళే వేరు. పెండ్లికి ముందు రోజు అమ్మకు బాప్తిస్మమిచ్చి మా ఇంటికి తెచ్చుకున్నారు. రెండిళ్ళ మధ్య రాకపోకలకు ఆ సంగతి ఏనాడూ అడ్డం రాలేదు, ఆ ఎండాకాలం తప్ప.

నాయనకు రెండెకరాల మెట్ట చేను ఉండేది. అది చాలక కూలికి పోయేవాడు. అయితే మా సంఘంలో ఎవరు పోయినా గుంత తవ్వేది ఆయనే. దానికి కూలి ముట్టేవాడు కాదు. పేట వెనక, దక్షిణాన ఉన్న కొండ మొదట్లో మా సమాధుల తోట. తోట అనడమే గానీ అందులో మొలిచేవి రాళ్ళే. పైన జానెడు ఎర్రమన్ను, కింద నాపరాయి పొరలు. గడ్డపారతో పొర వెనక పొర లేపుకుంటూ పోవాలి. నాయన తాడు పరిచి కొలిచి, పడమటి కొసన తలకు గుర్తుగా ఒక రాయి పెట్టి, అక్కడి నుంచి మొదలుపెట్టేవాడట. అట అని ఎందుకంటున్నానంటే, ఆయనకు నీళ్ళ కడవ మోసింది నేనే అయినా ఆ రాయిని నేను గమనించలేదు. నేను చూసింది ఒక్కటే. అలుపు తీర్చుకోవడానికి గుంత గట్టున కూర్చున్నప్పుడల్లా ఆయన ముఖం కొండ వైపు ఉండేది. పొద్దుటి ఎండగానీ మాపటి ఎండగానీ కంట్లో పడకుండా ఆయన అట్లా కూర్చునేవాడు. అందులో ఇంకే అర్థమూ లేదు. పిల్లకు అది తెలియదు కదా.

శ్రమల దినాలు, అంటే ప్రభువు లేచిన పండుగకు ముందు వచ్చే నలభై రోజులు, మొదలైన వారంలోనే ఆయనకు జ్వరం తగిలింది. మూడో రోజుకు మాట పడిపోయింది. కడప ఆస్పత్రికి తీసుకుపోదామని బండి అడిగి ఎద్దులు కట్టేలోపు ప్రాణం పోయింది. పొద్దున పోయాడు, పొద్దు గూకేలోగా పూడ్చాలి. మూడూళ్ళకు కలిపి ప్రార్థనలు నడిపే ఉపదేశి ఒకాయన ఉండేవాడు, ఆయన ఆ రోజు కడపలో కూటానికి పోయి ఉన్నాడు. సంఘంలో తక్కిన మగవాళ్ళు ఏనాడూ గుంత కొలిచిన పాపాన పోలేదు. కొలిచే మనిషి ఇంట్లో చాప మీద ఉన్నాడు.

కబురందగానే మా మేనమామ, అంటే అమ్మకు అన్న, ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. నాయనవే గడ్డపార, పార తీసుకుని నేరుగా తోటకు నడిచాడు. నేను అలవాటు కొద్దీ కడవ ఎత్తుకుని వెనకాలే పోయాను. పాత గుట్టలన్నీ మేకలు తొక్కి తొక్కి గుండ్రంగా అయిపోయి ఉన్నాయి. ఏది తలో ఏది కాళ్ళో తెలిసేట్టు లేదు. మామ నన్ను పిలిచాడు.

"ఏమ్మేయ్ పాపా, మీ నాయనకు నీళ్ళు మోసేది నువ్వే గదా. మీవోళ్ళకు తల యా దిక్కు పెడతారే?"

నాకు పదమూడేళ్ళు. ఏడ్చి ఏడ్చి తల దిమ్మెక్కి ఉంది. నాయన ముఖం ఎటు ఉండేదో అదొక్కటే తోచింది. కొండ వైపు చేయి చూపాను.

"దచ్చినమా? మాకూ అంతే గదా!" అన్నాడు మామ. "సూడప్పా, దేవున్ని మార్చుకున్నారు గానీ తలకాయ మాత్రం మన దిక్కే పెట్టుకుంటాండారు." వెంట వచ్చిన వాళ్ళు నవ్వబోయి, నన్ను చూసి ఊరుకున్నారు.

సాయంత్రం ఒక ముసలాయన నోటికి వచ్చినంత వరకు పరలోక ప్రార్థన చెప్పాడు. పొద్దు గూకుతున్న తొందరలో దిక్కు ఎవరికీ పట్టలేదు, అందరూ తలా పిడికెడు మన్ను వేశారు. అయిపోయింది.

మూడో రోజు ఉపదేశి వచ్చాడు. మంచివాడే. గొడుగు లేకుండా గడప దాటడు, అంతకు మించి ఆయనలో నేను తప్పు పట్టలేను. తోటకు పోయి ప్రార్థన చేసి వస్తానని పోయినవాడు పోయినంత వేగంగా తిరిగొచ్చాడు.

"ఏమ్మా, గుట్ట అడ్డం పడి ఉండాదే! తల యా దిక్కు పెట్టినారు?"

అమ్మ చెప్పింది. ఆయన గొడుగు మూసి గోడకు ఆనించాడు.

"ప్రభువు తూర్పు నుంచి వస్తాడు తల్లీ. కడబూర ఊదినాక మనవాండ్లు లేచి నిలబడితే మొగం నేరుగా ఆయనకు ఎదురుగా ఉండాల. అందుకే తల పడమర పెట్టేది. ఇప్పుడు మీయాయన లేస్తే మొగం ఉత్తరానికి ఉంటాది. ప్రభువుకు పక్క చూపిచ్చినట్ల."

"అట్లయితే కనపడడా?" అని అడిగింది అమ్మ.

"కనపడడని నేననలే. మర్యాద గాదు గదా అంటాండా. ఎండాకాలంలో పాస్టరయ్య రొట్టె, రసం సంస్కారమియ్యడానికి వస్తాడు. ఆలోగా తిప్పి పెట్టుకుంటే మంచిది."

మా అవ్వకు, అంటే నాయన తల్లికి, చెవులు సరిగా వినపడవు. మంచం మీద నుంచి అరిచింది. "ఎవురిని తిప్పాల?"

"నీ కొడుకునే!" అంది అమ్మ గట్టిగా.

"వాడు నా మాటకే తిరగలే, మీ మాటకు తిరుగుతాడా?"

అమ్మ నవ్వింది. నాయన పోయాక అదే మొదటిసారి. వెంటనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను రెండూ చూశాను. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. "మా అన్న దిక్కు తెలీక తవ్వినాడయ్యా" అని అమ్మ ఉపదేశికి చెప్పింది. నేను నోరు విప్పలేదు. నిజం చెబితే నాయన అడ్డం పడుకోవడానికి కారణం నేనని ఊరంతా అనుకుంటుంది. చెప్పకపోతే మామ పేరు పోతుంది. పోనిచ్చాను.

తర్వాత పనులు వచ్చి మీద పడ్డాయి. మనిషి పోతే దుఃఖపడటానికి తీరిక దొరుకుతుందని ఎవరైనా అంటే నేను నమ్మను. మెట్ట పొలం వాళ్ళకు ఎండాకాలంలోనే పని ఎక్కువ. చింతకాయలు రాల్చి, పెంకు తీసి, గింజ తీసి, దంచి కుండలకు ఎత్తాలి. చెరువు ఎండితే అడుగు మన్ను తీసి చేనుకు చేర్చాలి. వానలు పడేలోగా మిద్దె మీద చవుడు మన్ను మార్చాలి. ఇవన్నీ నాయన చేసేవాడు. ఇప్పుడు అమ్మ చేసింది, ఆమె వెనక నేను, నా వెనక ఆరేళ్ళ తమ్ముడు. అమ్మకు ఒక పని మధ్యలో ఇంకో పని గుర్తొచ్చేది. చింతగింజలు తీస్తూ తీస్తూ లేచి మిద్దెక్కేది. ఎందుకెక్కానని పైనుంచి నన్నే అడిగేది. నాకేం తెలుసు?

మామ తన ఎద్దులు తోలుకొచ్చి మా చేనుకు ఎరువు తోలిపెట్టాడు. రెండో రోజో మూడో రోజో ఎవరో ఆయనకు ఉపదేశి మాట చేరవేశారు. బండి మా వాకిట్లో నిలిపి, మోకులు కూడా విప్పకుండా లోపలికి వచ్చాడు.

"ఏమ్మా, నేను తవ్వింది మళ్ళా తవ్వుతారంట?"

"ఉపదేశయ్య తిప్పమంటాండాడన్నా."

"మన్నులో పెట్టినోన్ని పైకి తీసేది యాడన్నా ఉండాదా? మా ఇండ్లల్లో అట్ల పేరెత్తితేనే గడప దాటనియ్యరు. ఆయప్పకు నా చేతుల్తో గుంత తవ్వినా. రాళ్ళు తగిలి అరచేతులు పగిలినాయి, సూడు. అది తప్పు గుంతంటాండారు. తవ్వుకోండి. తవ్విన పొద్దు నుంచి నా ఎద్దులు మీ చేన్లో అడుగు పెట్టవు."

ఎద్దులు రాకపోతే వానకు దున్నేది లేదు, దున్నకపోతే విత్తేది లేదు. అదంతా అమ్మ ముఖంలో కనిపించింది. మామ నా వైపు ఒకసారి చూశాడు. దిక్కు చూపింది నువ్వే గదా అని ఆ ఒక్క మాట అని ఉంటే ఆయన నింద పోయేది. అనలేదు. బండి తోలుకుని పోయాడు. ఆయన అనకపోవడమే నన్ను ఎక్కువ పొడిచింది.

పునరుత్థాన పండుగ వచ్చింది. మా ఆచారం ప్రకారం ఆ రోజు కోడికూతకే తోటకు పోతాం. ముందు రోజే మేకలు చెదరగొట్టిన గుట్టల రాళ్ళు తూర్పు పడమరలుగా సరిచేసి సున్నం పూసి ఉంచుతాం. తెల్లవారుతుండగా ఎవరి వాళ్ళ గుట్ట కాళ్ళ వైపు వాళ్ళు కొవ్వొత్తి పెట్టి, తూర్పుకు తిరిగి, పొద్దు పొడిచే దాకా పాడతాం. అందరూ వరసగా నిలబడ్డారు. అమ్మకు ఎక్కడ నిలబడాలో తెలియలేదు. నాయన కాళ్ళ దగ్గర నిలబడితే తక్కిన వాళ్ళ వరసకు అడ్డం. తూర్పు వైపు నిలబడితే అది ఆయన పక్క. కొవ్వొత్తి చేతిలో పట్టుకుని గుట్ట చుట్టూ తిరిగింది. పాట మొదలై రెండు చరణాలు అయిపోయాయి, ఆమె ఇంకా తిరుగుతూనే ఉంది. మైనం వేళ్ళ మీద కారుతున్నా కింద పెట్టలేదు. ఇంటికి వచ్చాక మూడు వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆ వేళ్ళతోనే మళ్ళీ చింతపండు పిసికింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను కళ్ళంలో పడుకుని చూశాను. తల కొండ వైపు పెట్టి, చేతులు రొమ్ము మీద కట్టుకుని, కళ్ళు మూసుకున్నాను. బూర ఊదినట్టు అనుకుని లేచి కూర్చున్నాను. ముఖం ఉత్తరానికి ఉంది, నిజమే. కానీ తూర్పు నా కుడిచేతి పక్కనే ఉంది. మెడ తిప్పితే చాలు. మళ్ళీ పడుకున్నాను, మళ్ళీ లేచాను. లేచేటప్పుడు కుడి మోచేతి మీద బలం పెడితే మనిషి తనంతట తానే తూర్పుకు తిరుగుతాడు. ఎడమ మోచేతి మీద పెడితే పడమరకు తిరుగుతాడు. నాయన ఏ మోచేతి మీద లేచేవాడు? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. పదమూడేళ్ళు రోజూ చూసిన మనిషి ఎట్లా నిద్ర లేచేవాడో నాకు తెలియలేదు.

తమ్ముడు వచ్చి నా పక్కన పడుకున్నాడు. "అక్కా, ఇది ఏం ఆట?"

"ఆట గాదు. లెయ్, పో."

వాడు బోర్లా తిరిగి, మోకాళ్ళ మీద, పిల్లలు లేచినట్టే లేచాడు. అట్లా లేస్తే ఏ దిక్కైనా కావచ్చు. నా లెక్క మొత్తం చెడిపోయింది.

పాస్టరయ్య వచ్చేసరికి ఎండలు ముదిరిపోయాయి. అప్పుడు మేము విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నాం. కాయ గట్టిపడి బొటనవేళ్ళు పుండ్లు పడ్డాయి. ఆదివారం గుడి ముందు వేపమండలతో పందిరి వేశారు. సంస్కారం అయ్యాక ఆయన పందిరి కింద కూర్చుని సంఘం సంగతులు అడిగాడు. ఉపదేశి లేచి మా గుంత సంగతి చెప్పాడు. అమ్మ మామకు కబురు పంపి ఉంది. ఆయన వచ్చాడు గానీ పందిరి లోపలికి రాకుండా గుంజ పట్టుకుని ఎండలోనే నిలబడ్డాడు.

"ఆ దిక్కున తవ్వమని ఎవరు చెప్పినారు?" అని అడిగాడు పాస్టరయ్య.

అందరూ మామ వైపు చూశారు. ఆయన కొండను చూస్తున్నాడు. ఆ చూపు చూశాక నేను కూర్చోలేకపోయాను.

"నేనే" అన్నాను లేచి.

ఏమవుతుందో అనుకున్నాను. ఏమీ కాలేదు. ఎవరూ తిట్టలేదు. అమ్మ నా వైపు తిరిగి, నేనెవరో ఊరికి కొత్తగా వచ్చిన పిల్లనైనట్టు చూసింది. అవ్వ "ఏమంటాండాది?" అని పక్కామెను అడిగింది. ఆమె చెవిలో చెబితే, "అయితే వాడు కూతురు చెప్పినట్ల పండుకున్నాడు" అంది.

పాస్టరయ్య గడ్డం రుద్దుకున్నాడు. చదువుకున్న మనిషి ఏదో ఒకటి తేల్చి చెబుతాడని అందరం చూస్తున్నాం. "పాపమని చెప్పడానికి నాకు వాక్యం దొరకలేదు. పర్వాలేదని చెప్పడానికీ దొరకలేదు" అన్నాడు చివరికి. "పెద్దల నుంచి వచ్చిన పద్ధతి. తిప్పడమా మానడమా ఆయన భార్య ఇష్టం. తిప్పితే మాత్రం గుంపు వద్దు. ఇంటివాళ్ళే చేసుకోండి."

అందరూ అమ్మను చూశారు. వద్దంటుందని నేను ఎంత గట్టిగా అనుకున్నానో చెప్పలేను. ఎద్దుల కోసమైనా వద్దంటుందని అనుకున్నాను.

"తిప్పుతాం" అంది అమ్మ.

గుంజ దగ్గర మామ లేడు.

మరునాడు తెల్లవారేసరికి అమ్మ, నేను, తమ్ముడు పార, గంప తీసుకుని తోటకు పోయాం. తవ్వడానికి మగవాళ్ళను పిలవలేదు. ఎట్లా తవ్వుతుందని అడిగితే, "పోదాం పా" అంది. అక్కడ మామ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గడ్డపార.

"ఎద్దులు తేలే. ఇది తెచ్చినా" అన్నాడు. "చిన్న పిల్లనడిగి గుంత తవ్వినోన్ని నేను. తప్పు నాది. ఆ తప్పు ఇంగొకరు దిద్దేది నాకొద్దు."

అమ్మ వంగి మొదటి రాయి ఎత్తింది. నలుగురం గుట్ట మీది రాళ్ళన్నీ తీసి పక్కన పేర్చాం. మామ మన్ను లాగాడు. జానెడు, జానెడున్నర దిగింది. వాన తగలని మన్ను గదా, పిండిలాగా వస్తోంది. లోతున నాయన మీద నాపబండలు కప్పి ఉన్నాయి. లోతు చూద్దామని మామ గడ్డపార దింపినప్పుడు కొస పోయి బండకు తగిలింది. చిన్న చప్పుడు. తలుపు మీద వేలితో కొట్టినట్టు వచ్చింది.

"ఆపన్నా" అంది అమ్మ.

మామ ఆపాడు. అమ్మ గట్టున కూలబడింది. ఎండ ఎక్కుతోంది. తమ్ముడు గుంతలోకి వంగి చూస్తుంటే నేను వాడి చొక్కా పట్టుకుని ఉన్నాను. చాలాసేపటికి అమ్మ లేచింది.

"మన్ను పూడ్చు. గుట్టను తిప్పు. మనిషిని వద్దు."

"అంటే?"

"పైన రాళ్ళు తూర్పు పడమరలుగా పేర్చు. వాండ్ల వరసకు కలిసిపోతాది."

మామ పార మీద గడ్డం ఆనించి ఆమె వైపే చూశాడు. "పైన ఒక దిక్కు, లోపల ఒక దిక్కా? ఇదేం లెక్కమ్మా?"

"నాకేం తెలుసన్నా. ఈ ఎండాకాలం నాకు ఏం తెలిసింది గనక? నిన్న తిప్పాలనే ఉండె. ఇప్పుడు ఆ చప్పుడు ఇంటే చేతులు రావడంలే."

"ఉపదేశి అడిగితే?"

"అడిగితే చెప్తా. అడక్కపోతే ఆయన ఇష్టం."

మామకు నవ్వు వచ్చినట్టుంది, దగ్గినట్టు చేశాడు. మన్ను పూడ్చి, రాళ్ళు తల పడమర కాళ్ళు తూర్పు అన్నట్టు పొడుగ్గా పేర్చాం. తమ్ముడు చిన్న రాళ్ళు అందించాడు. పక్క గుట్టల వరసలో అచ్చంగా కుదిరింది. మునుపెన్నడూ తవ్వలేదంటే నమ్మేంత బాగా వచ్చింది. దాన్ని చూస్తే నాకు భయం వేసింది. కింద నాయన ఎటున్నాడో నాకు తెలుసు. పైన చూస్తే కళ్ళు వేరే చెబుతున్నాయి. కొంచెంసేపు చూస్తే కళ్ళే నిజమనిపించింది.

మాపటి వేళ ఉపదేశి గొడుగు వేసుకుని వచ్చాడు. మేము నలుగురం మళ్ళీ తోటకు పోయాం. ఆయన గుట్ట చుట్టూ ఒక తిరుగు తిరిగి చూశాడు.

"శానా బాగా కుదిరింది" అన్నాడు. "ఒక్క పూటలో ఎట్ల చేసినారప్పా?"

"చేసినాం" అన్నాడు మామ.

అంతకు మించి ఆయన అడగలేదు. గొడుగు మూసి, తూర్పు కొసన నిలబడి ప్రార్థన మొదలుపెట్టాడు. మా సహోదరుడు ఇప్పుడు నీకు ఎదురుగా పడుకున్నాడు ప్రభువా అన్నాడు. నేను కళ్ళు మూసుకోలేకపోయాను. అబద్ధం ప్రార్థనలోకి వెళితే దానికి ఎవరు బాధ్యులు? చెప్పని అమ్మా, అడగని ఉపదేశా, దిక్కు చూపిన నేనా? అన్నీ చూసే వాడికి ఇది కనపడకుండా ఉంటుందా? కనపడితే కోపం వస్తుందా? ఇవన్నీ అప్పుడే నా తలలోకి వచ్చాయి. ఇన్నేళ్ళయినా ఒక్కదానికీ బదులు దొరకలేదు. చదువు వచ్చాక వాక్యంలో నేనే వెతుకుదామని మొదలుపెట్టి, పాస్టరయ్య లాగానే మానేశాను.

ఉపదేశి ఆమెన్ అన్నాడు. మేమందరం అన్నాం. మామ ఏనాడూ ఆ మాట పలికినవాడు కాదు, మా తర్వాత ఒక క్షణానికి ఆయన కూడా అన్నాడు. అందరూ ఇంటి దారి పట్టారు. అమ్మ మాత్రం పోలేదు. గుట్ట అంచు వెంబడి నాలుగడుగులు వేసి, కొండ వైపుకు వచ్చి, కింద నాయన తల ఉన్న చోట నిలబడి, ఆమెన్ అని మళ్ళీ అంది.